సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొంటున్నారా? నాలుగు 1.2 ఇంజిన్లలో ఏది ఎవరికి

83, 83, 90, 80. మారుతి కే12ఎం, హ్యుందాయ్ కప్పా, హోండా ఐ-వీటెక్, టొయోటా లివాలోని 3ఎన్ఆర్ ఇంజిన్ల పవర్ (హార్స్‌పవర్ లెక్క) వరసగా ఇన్ని పీఎస్‌లు. అమ్మేవాళ్లు ముందు చెప్పేదీ, కొనేవాళ్లు ముందు అడిగేదీ ఈ అంకెనే. పాత బండి కొనేటప్పుడు ఈ అంకెతో తేలేది దాదాపు ఏమీ లేదు. తేల్చేవి రెండే: బండిని లాగే బలం (టార్క్) ఎంత ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అందుతుంది, ఇన్నేళ్లలో ఆ ఇంజిన్‌లో ఆయిలూ కూలెంటూ ఎలా మార్చారు. మొదటిది చూసి ఏ ఇంజిన్ కావాలో నిర్ణయించుకోవాలి. రెండోది చూసి ఏ బండి కొనాలో నిర్ణయించుకోవాలి. ఈ రెండు ప్రశ్నల్ని కలిపేయడం వల్లే ఎక్కువమంది పొరపాటు పడతారు: "ఫలానా కంపెనీ ఇంజిన్ కదా, ఏం కాదులే" అని చూడకుండానే డబ్బు కట్టేస్తారు.

అన్నీ 1,200 సీసీ లోపే ఎందుకున్నాయో ముందు తెలుసుకుంటే మంచిది. 2006 నుంచి మన దేశంలో 1,200 సీసీ దాటని, నాలుగు మీటర్ల పొడవు దాటని పెట్రోల్ కార్లకు పన్ను తక్కువ. జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత అలాగే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ చిన్న కార్లకు 18 శాతం శ్లాబు. అందుకే కంపెనీలన్నీ 1,197, 1,199 సీసీల దగ్గర ఆగాయి. అంటే పోటీ అంతా ఒకే కొలత గిన్నెలో జరిగింది. తేడాలు సైజులో లేవు, ఆ గిన్నెను ఎవరు ఎలా మలిచారన్న దాంట్లో ఉన్నాయి.

ఇప్పుడు కొత్తగా వచ్చే చిన్న కార్లు చాలావరకు మూడు సిలిండర్లవే. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్, డిజైర్‌లలో కూడా కే12 పోయి మూడు సిలిండర్ల జెడ్12ఈ వచ్చింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) 180 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండర్‌లో ఇంధనం మండుతుంది; మూడింటిలో 240 డిగ్రీలకు ఒకసారి. పైగా మూడు సిలిండర్ల ఇంజిన్ ముందూ వెనకా ఊగే గుణం ఉన్నది, దాన్ని చాలావరకు మౌంటింగులతోనే (ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలతో) అణచాలి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) స్టీరింగ్, సీటు వణకకుండా ఉండాలనుకునేవాళ్లు ఇంకా నాలుగు సిలిండర్ల బండ్ల కోసం పాత మార్కెట్‌లో వెతకడానికి కారణం అదే. ఆ కోరికలో తప్పేమీ లేదు.

కాగితం మీద అంకెలు, వాటి అర్థం

మారుతి కే12ఎం: 1,197 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 73 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 71.5 మి.మీ. 83 పీఎస్ 6,000 ఆర్‌పీఎం దగ్గర, 113 నుంచి 115 ఎన్ఎం టార్క్ 4,000 పైన. 2009లో రిట్జ్‌తో వచ్చి స్విఫ్ట్, డిజైర్, బలెనో, ఇగ్నిస్‌లలో నడిచింది. దీని తర్వాతిది కే12ఎన్ డ్యూయల్‌జెట్: అదే బోరు, అదే స్ట్రోకు, కానీ సిలిండర్‌కు రెండేసి ఇంజెక్టర్లు, కంప్రెషన్ నిష్పత్తి 12:1, చల్లబరచిన ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు), 90 పీఎస్, 113 ఎన్ఎం 4,400 దగ్గర.

హ్యుందాయ్ కప్పా: 1,197 సీసీ, 71 మి.మీ. బోరు, 75.6 మి.మీ. స్ట్రోకు. 83 పీఎస్ 6,000 దగ్గర, 114-115 ఎన్ఎం 4,000 దగ్గర. 2008లో ఐ10తో మొదలై గ్రాండ్ ఐ10, నియోస్, ఎక్సెంట్, ఆరా, ఐ20, వెన్యూ, ఎక్స్‌టర్ దాకా వచ్చింది.

హోండా 1.2 ఐ-వీటెక్: 1,199 సీసీ, 73 మి.మీ. బోరు, దాదాపు 71.6 మి.మీ. స్ట్రోకు. 90 పీఎస్ 6,000 దగ్గర, 110 ఎన్ఎం 4,800 దగ్గర; బ్రియోలోనూ తొలి అమేజ్‌లోనూ 88 పీఎస్. జాజ్, బ్రియో, అమేజ్‌లలో ఉన్నది ఇదే.

టొయోటా 3ఎన్ఆర్-ఎఫ్ఈ: 1,197 సీసీ, బోరూ స్ట్రోకూ రెండూ 72.5 మి.మీ. 80 పీఎస్ 5,600 దగ్గర, 104 ఎన్ఎం 3,100 దగ్గర. 2011 నుంచి 2020 దాకా ఎటియోస్ లివాలో వచ్చింది.

ఈ అంకెల్లో కళ్లు నిలపాల్సింది టార్క్ అందే ఆర్‌పీఎం మీద. టార్క్ ఎంతన్నది నాలుగింటిలోనూ కొంచెం తేడాయే: 104 నుంచి 115. కానీ అది వచ్చే చోటు 3,100 నుంచి 4,800 దాకా మారింది. ఊళ్లో బండి నడిచేది 1,500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్యే. లివా యజమాని ఆ పరిధిలోనే తన ఇంజిన్ బలాన్ని దాదాపు పూర్తిగా వాడుకుంటాడు. హోండా యజమాని అదే బలం కోసం ఒక గేరు దింపి, ఇంజిన్‌ను 4,000 దాటించాలి. తిరుమల ఘాట్‌లో ఐదుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఎక్కేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. హోండా మూడో గేరులో నీరసపడితే రెండుకు దింపాలి. దింపితే చక్కగా లాగుతుంది, ఆ ఆర్‌పీఎంకు తగ్గట్టే దాన్ని తయారుచేశారు. దింపకుండా మూడులోనే యాక్సిలరేటర్ నొక్కిపెట్టి ఉంచే అలవాటున్నవాళ్లకు మాత్రం ఆ ఇంజిన్ నచ్చదు, ఇంజిన్‌కూ వాళ్లు పడరు: తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ లోడు పడితే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండి టకటకమనడం) వస్తుంది, బేరింగుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

పిస్టన్ వేగం లెక్క కూడా ఒకసారి వేయండి. స్ట్రోకు రెట్టింపును సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే చాలు. 6,000 ఆర్‌పీఎం దగ్గర కే12ఎంలో సెకనుకు 14.3 మీటర్లు, కప్పాలో 15.1, హోండాలో 14.3. లివా 5,600 దగ్గర 13.5. ఇంజిన్ సైజులో లీటరుకు పవర్ చూస్తే 67 నుంచి 75 పీఎస్. రోజువారీ పెట్రోల్ ఇంజిన్‌కు ఇవన్నీ నెమ్మదైన అంకెలే. నాలుగింటిలో ఏదీ తన శక్తికి మించి పరిగెత్తే ఇంజిన్ కాదు. ఆయిల్ సరిగా మారి, హీటెక్కకుండా ఉంటే రెండు లక్షల కిలోమీటర్లు హెడ్ (సిలిండర్ల పై భాగం) విప్పకుండా నడవడం వీటికి మామూలు విషయం. కాబట్టి "ఏది ఎక్కువ మన్నుతుంది" అనే ప్రశ్నకు ఇంజిన్ పేరుతో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. జవాబు సర్వీసు పుస్తకంలో ఉంటుంది.

ఎవరికి ఏది

రోజూ ఊళ్లో ముప్పై నలభై కిలోమీటర్ల ట్రాఫిక్, నెలకోసారి సొంతూరు వెళ్లిరావడం. ఇలాంటివాళ్లకు మా మొదటి సలహా కే12. కారణం ఇంజిన్ ఒక్కటే కాదు. ఆ బండ్ల బరువు. 2018 తర్వాతి స్విఫ్ట్ పెట్రోల్ 900 కిలోల చుట్టుపక్కలే, అదే 113 ఎన్ఎం తేలిక బండిని సునాయాసంగా లాగుతుంది. సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ నుంచి వాటర్ పంపు దాకా విడిభాగాలు మండల కేంద్రాల్లో కూడా దొరుకుతాయి, ఆ ఇంజిన్ విప్పి బిగించిన మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. మైలేజీలో కూడా ఇదే ముందు: పరీక్షల లెక్కలో కే12ఎన్ స్విఫ్ట్ మాన్యువల్ 23.20, అమేజ్ మాన్యువల్ 18.6, నియోస్ 20.7. రోడ్డు మీద వీటన్నిటికీ తగ్గుతుంది, వరస మాత్రం పెద్దగా మారదు.

కప్పా విషయంలో ఏ కారులో ఉందో చూడకుండా మాట్లాడకూడదు. గ్రాండ్ ఐ10, నియోస్‌లలో ఇది ఎంతో నునుపైన ఇంజిన్. సిగ్నల్ దగ్గర ఆగితే ఆఫ్ అయిందేమో అనిపిస్తుంది. అదే ఇంజిన్‌ను వెయ్యి కిలోల చుట్టుపక్కల ఉండే ఐ20లోనో, వెన్యూలోనో పెడితే హైవే మీద లారీని దాటాలంటే ముందే ఆలోచించుకోవాలి. ఊళ్లో తిరిగే కుటుంబానికి చిన్న బండిలోని కప్పా కొనమంటాం. ఎక్కువగా హైవే మీద నిండు లోడుతో తిరిగేవాళ్లు కప్పా ఉన్న పెద్ద బండిని వదిలేయడం మంచిది.

హోండా కోరుకోవాల్సింది గేర్లు మార్చడం ఇష్టపడేవాళ్లు, లేదా సీవీటీ (మెట్లు లేని ఆటోమేటిక్ గేరుబాక్సు) తీసుకునేవాళ్లు. సీవీటీ ఇంజిన్‌ను తనకు అనువైన ఆర్‌పీఎం దగ్గరే ఉంచుతుంది కాబట్టి కింద బలం తక్కువన్న లోటు కనబడదు. మన రోడ్ల మీద ఈ ఇంజిన్‌కు సరైన జోడీ అదే. కానీ సీవీటీ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారన్న బిల్లు లేకపోతే ఆ బండి వద్దు. హోండాకు చెప్పిన ఫ్లూయిడ్ కాకుండా మామూలు గేర్ ఆయిల్ పోసిన సీవీటీకి ఆయుష్షు ఉండదు, దాన్ని బాగుచేసే ఖర్చు బండి ధరలో పెద్ద భాగం తినేస్తుంది.

లివా కొత్తది దొరకదు. దొరికేవన్నీ 2020 లోపువి కాబట్టి శరీరం, సస్పెన్షన్ కూడా చూసుకోవాలి. ఇంజిన్ వరకైతే నాలుగింటిలో నింపాదిగా, నమ్మకంగా నడిచేది ఇదే. తక్కువ గేరు మార్పిడితో, ఒకే తీరుగా నడిపే పెద్దవాళ్లకు, కొత్తగా నేర్చుకున్నవాళ్లకు బాగా సరిపోతుంది.

చైన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి

ఈ నాలుగింటిలో క్రాంక్‌నూ, వాల్వులు తెరిచే క్యామ్‌నూ కలిపి తిప్పేది టైమింగ్ చైనే, బెల్టు కాదు. 2010 లోపు 1.3 స్విఫ్ట్, ఎస్టీమ్, పాత శాంత్రో చూస్తుంటే మాత్రం అవి బెల్టువి. మార్చిన బిల్లు లేకపోతే కొన్న వారంలోనే బెల్టు, టెన్షనర్ మార్పించాలి. చైన్‌కు గడువు లేదు, అందుకే చాలామంది దాన్ని మరిచిపోతారు. చైన్ సాగడమంటే ఉక్కు సాగడం కాదు. ప్రతి లింకులోని పిన్ను, బుష్ కొంచెం కొంచెం అరిగి, అన్ని లింకుల అరుగుదలా కలిసి చైన్ పొడవవుతుంది. ఆ అరుగుదలకు కారణం మురికి ఆయిల్. దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ పనిచేసేదీ ఆయిల్ ప్రెషర్‌తోనే. ఆయిల్ తగ్గినా, మడ్డి కట్టి దారి మూసుకున్నా టెన్షనర్ ఆలస్యంగా బిగుస్తుంది, ఉదయం స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. ఒక సెకను శబ్దం వచ్చి ఆగితే ఫరవాలేదు. మూడు సెకన్లు దాటితే, లేదా స్కానర్‌లో పీ0016 కోడ్ (క్రాంక్, క్యామ్ ఒకదానితో ఒకటి కుదరడం లేదని గుర్తు) వస్తే, చైన్ కిట్టు మొత్తం మార్చాల్సిందే. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించుకోండి, లేదా బండి వదిలేయండి.

ఆయిల్ గ్రేడు గురించి షెడ్డుల్లో వినబడే ఒక మాట ఉంది: "మన ఎండలకు పలచటి ఆయిల్ పనికిరాదు, చిక్కటిది పోద్దాం." కే12ఎన్‌కు 0డబ్ల్యూ-16, హోండాకు 0డబ్ల్యూ-20 అని కంపెనీ చెప్పిందంటే బేరింగుల సందులు, ఆయిల్ పంపు, క్యామ్ టైమింగ్ మార్చే వాల్వులు అన్నీ ఆ చిక్కదనానికి లెక్క వేసినవి. రెండు లక్షలు తిరిగి ఆయిల్ తాగుతున్న పాత ఇంజిన్‌లో ఒక మెట్టు పైకి, 5డబ్ల్యూ-30కి వెళ్లడం సమంజసం. 20డబ్ల్యూ-50 పోయడం మాత్రం వద్దు. చల్లని ఇంజిన్‌లో అది పైకి, క్యామ్ దాకా చేరేలోపు జరిగే అరుగుదల కంటికి కనబడదు. మార్చే గడువు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. రోజూ గంటలకొద్దీ ట్రాఫిక్‌లో ఏసీ వేసి నిలబడే బండికి ఏడెనిమిది వేలకే మార్చండి. మీటరు కదలకపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది కదా.

ఒక్కోదానికి ఉండే జబ్బులు

కే12లో ముందు అరిగేది ఇంజిన్ కాదు, కుడివైపు మౌంటింగ్. ఐడిల్‌లో వణుకు, గేరు వేసి కదిలేటప్పుడు చిన్న కుదుపు దాని గుర్తులు. వణుకుని చూసి ఇంజిన్ పోయిందని భయపడేవాళ్లూ ఉన్నారు, దాన్ని చూపించి ధర బాగా తగ్గించుకునేవాళ్లూ ఉన్నారు. మౌంటింగ్ మార్చడం మధ్యాహ్నం లోపు అయిపోయే పని. రెండోది, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ గట్టిపడి ఆయిల్ ప్లగ్గు గుంటల్లోకి దిగడం. కాయిల్ రబ్బరు ఆయిల్‌లో నానితే మిస్సింగ్ కొడుతుంది. కాయిల్ మాత్రమే మార్చి గ్యాస్కెట్ వదిలేస్తే ఆర్నెల్లలో మళ్లీ అదే. మూడోది, ఇంజిన్‌లోకి గాలిని అదుపు చేసే త్రాటిల్ బాడీలో నల్లటి పొర: ఐడిల్ 700-800 దగ్గర నిలవకుండా పైకీ కిందికీ ఊగుతుంది. కే12ఎన్‌లో ఈజీఆర్ ఉంది కాబట్టి ఇన్‌టేక్‌లో మసి ఇంకొంచెం ఎక్కువ చేరుతుంది.

హోండాలో ట్యాపెట్ సందును (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీని) రాకర్ మీద స్క్రూ తిప్పి సరిచేయొచ్చు. చల్లని ఇంజిన్ మీద, ఫీలర్ గేజ్‌తో చేసే పని. కే12లో బకెట్ ట్యాపెట్లు. సందు తేడా వస్తే వేరే మందం ఉన్న ట్యాపెట్ తెచ్చి వేయాలి, అంటే క్యామ్‌లు విప్పాలి. మామూలుగా ఆ అవసరం రాదు. కానీ బయట షాపులో ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్టు పెట్టిన బండిలో వస్తుంది. గ్యాస్‌లో నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు త్వరగా అరిగి, వాల్వు పైకి ఎక్కి, సందు తగ్గిపోతుంది. ట్యాపెట్ టిక్‌టిక్‌మంటే అందరూ పట్టించుకుంటారు. ఈ సందర్భంలో జరిగేది దానికి తిరగబడింది: శబ్దం పూర్తిగా ఆగిపోతుంది, వాల్వు సీటు మీద సరిగా కూర్చోక వేడి దిగక కాలిపోతుంది. గ్యాస్ కిట్టు తీసేసి "ప్యూర్ పెట్రోల్" అని అమ్మే బండ్లు ఉంటాయి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు నాలుగు చోట్ల రంధ్రాలు మూసిన గుర్తులు, డిక్కీలో బోల్టు రంధ్రాలు, డ్యాష్‌బోర్డులో స్విచ్ పెట్టిన చోటు అతుకు చూడండి. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కే12 వేరే విషయం. దాన్ని గ్యాస్ కోసమే సిద్ధం చేశారు, ఆర్‌సీలో ఇంధనం కాలమ్ కూడా అలాగే ఉంటుంది.

హోండాలో హైడ్రాలిక్ మౌంటింగ్ పగిలి నల్లటి ద్రవం కారడం కూడా చూసుకోవాల్సిందే. కప్పాలో కాయిళ్లు, త్రాటిల్ బాడీ, వాటర్ పంపు సీలు. లివాలో చెప్పుకోదగ్గ ప్రత్యేక జబ్బు లేదు. వయసుతో వచ్చేవే: రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు చిట్లడం, రబ్బరు పైపులు గట్టిపడటం.

నాలుగింటికీ ఉమ్మడి శత్రువు వేడి. నాలుగూ అల్యూమినియం బ్లాకులే, హెడ్లూ అల్యూమినియమే. ఒక్కసారి బాగా హీటెక్కితే హెడ్ వంగుతుంది. మన దగ్గర దీనికి ఒక కారణం రేడియేటర్‌లో బోరు నీళ్లు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ లోపల కట్టే తెల్లటి పెచ్చే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ డబ్బాలో నీళ్లు తుప్పు రంగులోనో, రంగే లేకుండానో ఉంటే ఆ ఇంజిన్ ఎన్నిసార్లు వేడెక్కిందో అడగండి. కొన్ని మోడళ్లలో టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర లైటు ఒక్కటే. అది వెలిగాక "షెడ్డు దాకా పోదాం" అని నడిపినవాళ్లే హెడ్ పోగొట్టుకునేది.

ఈ20 పెట్రోల్ సంగతి. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్లు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో వచ్చాయి. అంతకు ముందువి ఆ పెట్రోల్‌తో ఒక్కసారిగా ఆగిపోవు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. పాత ఫ్యూయల్ పైపులు, సీళ్లు పదేళ్లు దాటితే మార్చుకోవడం మంచిది. నెలలకొద్దీ నిలబెట్టే బండిలో ట్యాంకు సగం ఖాళీగా వదలకండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

చూడ్డానికి వెళ్లినప్పుడు

ముందే ఫోన్ చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే అప్పటికే స్టార్ట్ చేశారన్నమాట, ఇంకో రోజు రండి. చల్లని స్టార్ట్ చెప్పే నిజం వేడి ఇంజిన్ చెప్పదు.

ఆయిల్ మూత విప్పి అడుగు చూడండి. లేత గోధుమ రంగు పొర ఫరవాలేదు. వేలితో గీస్తే ఊడొచ్చే నల్లటి మడ్డి ఉంటే ఆయిల్ మార్పులు ఎగ్గొట్టారు. మజ్జిగలాంటి తెల్లటి నురుగు కనిపిస్తే తొందరపడకండి: రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండిలో తేమ వల్ల కూడా మూత దగ్గర కొంచెం వస్తుంది. అదే నురుగు డిప్‌స్టిక్ మీద కూడా ఉండి, కూలెంట్ డబ్బాలో నూనె తేలుతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయింది.

స్టార్ట్ చేసి చైన్ శబ్దం వినండి, తర్వాత ఏసీ వేయండి, ఐడిల్ కొంచెం పెరిగి నిలబడాలి. స్కానర్ పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంధనాన్ని బండి కంప్యూటర్ ఎంత సరిదిద్దుతోందో చెప్పే అంకె) చూడండి. ఐదు శాతం అటూఇటూ మంచిది, పది దాటితే గాలి లీకో, ఇంజెక్టర్ లోపమో ఉంది. కంప్యూటర్ తన స్వీయ పరీక్షలు ముగించిందా అని చూపే రెడీనెస్ మానిటర్లు "పూర్తికాలేదు" అని చూపిస్తే, మీరు రావడానికి కాస్త ముందే ఎవరో కోడ్లు తుడిచారు లేదా బ్యాటరీ తీశారు. ఆ ఒక్కటి చాలు, గట్టిగా అడగడానికి.

రోడ్డు మీద రెండో గేరులో 4,000 దాకా తీసుకెళ్లి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలి, నెమ్మదించాక మళ్లీ నొక్కండి. వెనక కూర్చున్నవాళ్లను పొగ చూడమనండి. ఆ క్షణంలో నీలి పొగ వస్తే వాల్వ్ సీళ్లు. ఎప్పుడూ నీలి పొగే అయితే రింగులు. వేడెక్కాక కూడా ఆగని తెల్లటి, తియ్యటి వాసన పొగ అయితే కూలెంట్ కాలుతోంది.

లక్ష కిలోమీటర్లు దాటిన బండికి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించకుండా డబ్బు ఇవ్వకండి. ఇంజిన్ వేడి మీద నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల, కాయిళ్ల కనెక్షన్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఐదారు చుట్లు తిప్పాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి, లేకపోతే అన్ని అంకెలూ తక్కువ చూపిస్తాయి. 170 పీఎస్ఐ చుట్టుపక్కల ఉండటం మంచిది. అంతకన్నా ముఖ్యం నాలుగింటి మధ్య తేడా పది పదిహేను శాతం దాటకపోవడం. ఒకటి తక్కువైతే ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు.

వరద బండి పసిగట్టడానికి కూడా ఇదే పరీక్ష అక్కరకొస్తుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ చూసిన నీళ్లలో వేలకొద్దీ బండ్లు మునిగాయి. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీళ్లు పోతాయి. నీళ్లు నలగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొంచెమే వంగితే బండి నడుస్తుంది, ఆ సిలిండర్ కంప్రెషన్ మాత్రం మిగతావాటికన్నా తక్కువుంటుంది, ఎందుకంటే పిస్టన్ పైదాకా రాదు. ఎప్పుడో ఒకరోజు హైవే మీద ఆ రాడ్డు బ్లాకును చీల్చుకుని బయటికొస్తుంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా లోపల నీటి గీత, సీటు పట్టాల కింద తుప్పు, సీటు బెల్టు పూర్తిగా లాగితే చివర బురద మరక, కనెక్టర్లలో పచ్చటి చిలుము: వీటిలో రెండు కనిపించినా ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు. ఈ ఒక్క విషయంలో బేరం లేదు.

కొన్న వారంలో

అమ్మినవాళ్లు నిన్నే మార్చామన్నా సరే, ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. ఇంజిన్ వేడి మీద దించి పది నిమిషాలు పూర్తిగా కారనివ్వాలి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్ వేయాలి. వీటిలో పట్టేది సుమారు మూడు నుంచి మూడున్నర లీటర్లు. నాలుగు లీటర్ల డబ్బా ఉంది కదా అని మొత్తం పోసేస్తే క్రాంక్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది. మడ్డి ఎక్కువున్న ఇంజిన్‌కు ఘాటైన ఫ్లష్ వాడకండి. మడ్డి పెచ్చులుగా ఊడి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడుతుంది. దానికన్నా రెండు వేల కిలోమీటర్లకొకసారి చొప్పున రెండు మార్లు ఆయిల్, ఫిల్టర్ మార్చడం నయం.

కూలెంట్ దించి డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కంపెనీ చెప్పిన కూలెంటే పోయించండి. హోండా నీలం రంగుది నేరుగా పోసేది, అందులో నీళ్లు కలపకూడదు. ప్లగ్గులు నికెల్‌వి అయితే ముప్పై నలభై వేల కిలోమీటర్లకు, ఇరిడియం అయితే లక్ష కిలోమీటర్లకు మార్చాలి. కంప్రెషన్ టెస్ట్‌కు తప్ప, చల్లని ఇంజిన్ మీదే విప్పాలి. అల్యూమినియం హెడ్‌లో మరలు పాడైతే హెడ్ దింపాల్సి వస్తుంది కాబట్టి ముందు చేత్తోనే తిప్పి, చివర్లో టార్క్ రెంచ్ వాడమనండి. త్రాటిల్ బాడీ కడిగాక ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కు ఐడిల్ మళ్లీ నేర్పడం) చేయించాలి.

తర్వాత డిప్‌స్టిక్‌ను గరిష్ఠ గీత దగ్గర ఉంచి, మీటరు రీడింగు రాసుకుని వెయ్యి కిలోమీటర్లు నడపండి. బండిని సమతలం మీద నిలిపి, ఆఫ్ చేసి పది నిమిషాలాగి మళ్లీ చూడండి. గీత కదలకపోతే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంది. పాత ఇంజిన్ వెయ్యికి రెండు మూడు వందల మిల్లీలీటర్లు తాగితే కంగారు అక్కర్లేదు, నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూస్తే చాలు. అర లీటరు తాగితే పీసీవీ వాల్వు (ఇంజిన్ అడుగున చేరే వాయువుల్ని ఇన్‌టేక్‌లోకి పంపేది) ముందు మార్పించి ఇంకో వెయ్యి చూడండి. అది చవకైనది, చాలాసార్లు తప్పు దానిదే. అప్పటికీ తగ్గకపోతేనే వాల్వ్ సీళ్లు, రింగుల మాట ఎత్తాలి.